తొంభై తొమ్మిది రకాలు

డిసెంబరు 6, శనివారం

పెట్టెలు దిగాయి. మొత్తం పదకొండు. రెండింటిలో సంచులు కారి నీళ్లు సగమయ్యాయి కానీ లోపలి ప్రాణాలకు ఢోకా లేదు. ఒక్కో సంచీని తొట్టెలో తేలేసి, చెంబుతో కొద్దికొద్దిగా నీళ్లు కలిపి, చేపలు కుదురుకున్నాక వదిలేసరికి మధ్యాహ్నమైంది. నడుం పడిపోయింది. ఇరవయ్యారేళ్లుగా ఇదే వరస. ఏడాది చివరి సెలవుల్లో మా అక్వేరియంలో జరిగే ప్రదర్శన కోసం సరఫరాదారు దగ్గర్నుంచి డిసెంబరులో చేపలు అద్దెకు వస్తాయి, జనవరిలో తిరిగి పోతాయి. మా సొంత చేపలు అరవై చిల్లర రకాలు. అద్దెవి కలిపి లెక్కేస్తే ఈసారి సరిగ్గా నూరు.

నూరు! పోయినేడు తొంభై నాలుగు దగ్గర ఆగిపోయాం. లెక్క చెప్పగానే మేనేజరు ఆ గదిలోంచి ఈ గదిలోకి, ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరిగేశాడు. ఆయన్ని అందరూ చాటుగా బొంగరం అనేది ఊరికే కాదు. "బ్యానరు రాయించేద్దామండీ, నూరు రకాల చేపలు అని, ఇంతింత లావు అక్షరాలతో!" అన్నాడు.

ఇంత సంతోషాన్ని ఇంట్లో చెప్పుకుందామంటే వినే మొహాలు కనబడలేదు. అందుకని ఈ నోటుబుక్కు.

చిట్టి మాట్లాడటం మానేసి నేటికి నాలుగు రోజులు. కన్నకూతురు. పైగా మూడేళ్లుగా నేను పనిచేసేచోటే చేపల డాక్టరు. పెద్ద నగరంలో ఉన్న పెద్ద అక్వేరియానికి బదిలీ కావాలని దరఖాస్తు పెట్టుకుంది, నాతో ఒక్క మాట అనకుండా. ఆ దరఖాస్తులో ఒక గడి సీనియర్ కీపరు నింపాలి. అంటే నేను. "ఈ బదిలీ వల్ల ఇక్కడి పనికి ఇబ్బంది కలుగుతుందా?" అని ఉంది. కలుగుతుందని రాస్తే కాగితం కథ అక్కడితో సరి. కలగదని రాస్తే ఈ ఇంట్లోంచి మంచం, పుస్తకాల అర, మనిషి వెళ్లిపోతాయి. సొంత కూతురి కాగితం నేను రాయడమేంటని బొంగరాన్ని అడిగితే, "రూలండీ, కూతురైనా సీనియర్ సీనియరే" అన్నాడు. ఈ నెల ముప్పై ఒకటి దాకా గడువుంది.

సొరుగులో పెట్టాను. నూరు రకాల చేపలను నెత్తిన పెట్టుకున్న మనిషికి కాగితాలు నింపే తీరిక ఎక్కడిది?

డిసెంబరు 7, ఆదివారం

ఇవాళ రోజంతా ఆ కాగితం గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

డిసెంబరు 9, మంగళవారం

ఎనభై ఒకటో నంబరుకు జబ్బు చేసింది. నీలి వలయాల చేప. ముదురు నీలం ఒంటి మీద తెల్లటి వలయాలు, ఒకదాని లోపల ఒకటి, ఎవరో తీరిగ్గా కూర్చుని గీసినట్టు ఉంటాయి. ఈ రకం చేప ఏటా ఒకటి వేలెడంతది వస్తుంది, వేలెడంతగానే తిరిగి పోతుంది. పోయినేడు వచ్చినదానికి తోక చిరిగితే సరఫరాదారు తీసుకోనని మొండికేశాడు. పాపమని వెనకగదిలో ఉంచి సాకాను. ఏడాది తిరిగేసరికి అరచెయ్యంత అయింది. ఇవాళ అద్దం తుడుస్తూ చూద్దును కదా, నడుం దగ్గర వలయం తెగిపోయి ఉంది. తెగినచోట పసుపు మరక. తోక వైపు ఇంకో రెండు వలయాలు వంకరపోయాయి.

చర్మరోగం. సందేహమే లేదు. విడిగా టబ్బులో వేసి రాగిమందు మొదలుపెట్టాను. నిజానికి డాక్టరమ్మకు చెప్పాలి. చెప్పడానికి మాటలుండాలిగా ఇద్దరి మధ్య.

డిసెంబరు 10, బుధవారం

భోజనాల దగ్గర జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకుంటున్నాను. తర్వాత నేనే గొడవ పెట్టుకున్నానని ఎవరైనా అంటే పనికొస్తుంది.

చిట్టి వాళ్లమ్మతో అంది: "అమ్మా, వెనకగది టబ్బులో నీళ్లు నీలంగా ఉన్నాయి. రాగిమందు ఎవరేశారో కనుక్కో."

నేను మా ఆవిడతో అన్నాను: "ఇరవయ్యారేళ్ల నుంచి వేసేవాడే వేశాడని చెప్పు."

"అమ్మా, అది జబ్బు కాదని చెప్పు."

"చూడకుండానే ఎలా తెలిసిందో అడుగు."

"చూశాననే చెప్పు."

మా ఆవిడ గరిటె టప్పున కింద పెట్టింది. "నేనేమన్నా టెలిఫోను తీగనా, ఒకళ్ల మాట ఒకళ్లకి మోయడానికి? ఎదురెదురుగా కూర్చున్నారు, ఇద్దరికీ చెవులున్నాయి. ముందు తినండి, కూర చల్లారిపోతోంది."

తిన్నాం. కూర బాగుంది. ఆ మాట చెబితే ఎక్కడ మెత్తబడ్డాననుకుంటారోనని చెప్పలేదు.

డిసెంబరు 12, శుక్రవారం

ఇవాళ నేరుగానే మాట్లాడింది. తెల్లకోటు వేసుకుని వెనకగదికి వచ్చింది. ఆ కోటు వేసుకుంటే ఇంటి అలక వర్తించదు కాబోలు.

"మందు ఆపెయ్యాలి. దీనికి రోగం లేదు, పెద్దదవుతోంది, అంతే. ఈ రకం చేపకి చిన్నప్పుడు నీలం రంగు, వలయాలు. పెరిగేకొద్దీ వలయాలు తెగి చారలవుతాయి, పసుపు వస్తుంది. పెద్ద తొట్టెలో ఎనభై రెండో నంబరు ఉందే, పసుపు చారల చేప, అదీ ఇదీ ఒకటే."

నాకు నవ్వొచ్చింది. "ఆ రెండింటికీ బోర్డులు రాసింది ఎవరనుకున్నావు? సరఫరాదారు రెండు సంచుల మీద రెండు పేర్లు రాసి పంపుతాడు. నాకు పని నేర్పిన పెద్దాయన జాబితాలోనూ రెండు పేర్లే. అందరూ వెర్రివాళ్లేనా?"

"పుస్తకంలో ఉంది నాన్నా."

"ఆ పుస్తకం రాసినాయన ఎన్ని ఫిల్టర్లు కడిగాడో కనుక్కో."

"సరే, పుస్తకం వదిలెయ్. ఇది తప్ప ఇన్నేళ్లలో ఒక్క నీలి చేపన్నా నీ దగ్గర పెద్దదయిందా?"

"అవలేదు. అవి అంతే ఉంటాయి. ఆ జాతే అంత."

"ఏటా జనవరిలో పంపించేస్తే పెద్దవెలా అవుతాయి?"

పంపు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలని గుర్తొచ్చి అక్కడి నుంచి వచ్చేశాను. పంపు బాగానే ఉంది.

డిసెంబరు 13, శనివారం

కాగితం నింపేద్దామని తీశాను. పెన్నులో సిరా లేదు. బల్ల మీద ఇంకో పెన్ను ఉంది కానీ అది ఎర్రది.

డిసెంబరు 14, ఆదివారం

బోర్డులు రాస్తూ కూర్చున్నాను. ప్రదర్శనకు సంబంధించి నాకు ప్రాణమైన పని ఇదొక్కటే. ఒక్కో చేపకు రెండే వాక్యాలు, ఆ రెండింటిలో దాని బతుకంతా రావాలి. ఇసుకలో పడుకునే బల్లపరుపు చేప: పుట్టినప్పుడు కళ్లు చెరోవైపూ ఉంటాయి, తర్వాత ఒక కన్ను నెమ్మదిగా తల మీదుగా రెండో వైపుకు చేరుతుంది. ఉమ్మే చేప: నీళ్లలోంచి గురిచూసి ఉమ్మి, పై ఆకు మీది పురుగును పడగొడుతుంది. గుహ చేప: చీకట్లో తరతరాలుగా బతికి కళ్లే లేకుండా పోయాయి, అయినా గోడకు ఒక్కసారి కూడా గుద్దుకోదు. బురద చేప: రెక్కల మీద గట్టెక్కి షికారు చేస్తుంది. ఊడ్చే చేప: పెద్ద చేపల నోట్లోకి దూరి పళ్లు శుభ్రం చేసి పెడుతుంది, ఎవరూ దాన్ని మింగరు.

మా ఆవిడ పక్కన కూర్చుని ఆరిన బోర్డులు పేరుస్తూ ఒక్కోటీ చదివింది. బంతిలా ఉబ్బే చేప బోర్డు దగ్గర ఆగింది. "కోపం వస్తే నీళ్లు మింగి ఉబ్బుతుంది, ఒంటి నిండా ముళ్లు లేస్తాయి. ఏమండీ, ఇది మీకు మేనమామ వరసా, పెదనాన్న వరసా?"

నీటి గుర్రం బోర్డు మాత్రం రెండుసార్లు చదివింది. కడుపుసంచిలో పిల్లల్ని మోసేది తండ్రి, అని రాశాను అందులో. అది పక్కన పెట్టి నావైపు ఒక చూపు చూసింది.

ఒకే నీళ్లలో ఇన్ని రకాలు ఎందుకు పుట్టాలి? ఎవరికి అవసరమని? ఇరవయ్యారేళ్లయినా ఈ ప్రశ్న నాకు పాతబడలేదు. రేపు సెలవుల్లో వచ్చే జనం అద్దానికి ముక్కు ఆనించి "అబ్బ!" అంటారు చూడు, ఆ అబ్బలో నా జీతం సగం ఉంది.

ఎనభై ఒకటి, ఎనభై రెండు. రెండూ రాశాను. వేరువేరుగానే.

డిసెంబరు 15, సోమవారం

ఎనభై ఒకటి మేత ముట్టలేదు. టబ్బు మూలకు పోయి ఒరిగి ఉంది. మందు పనిచేసే ముందు ఇలాగే నీరసపడతాయి.

బ్యానరు రాసే అతను వచ్చి గేటుకు కట్టాడు. "100 రకాల చేపలు." ఒక్కో సున్నా పళ్లెమంత. రోడ్డు అవతలికి పోయి చదివాను. మళ్లీ ఇవతలికి వచ్చి చదివాను. "బాగుందా సార్?" అని అడిగాడు. "సున్నాలు బాగా కుదిరాయి" అన్నాను.

డిసెంబరు 16, మంగళవారం

వెళ్లేసరికి టబ్బులో చేప లేదు. చిట్టి దాన్ని మంచినీళ్ల తొట్టెలోకి మార్చేసింది, అదే, మందు లేని ఉప్పునీళ్లలోకి. నన్ను అడగలేదు. ఇప్పుడు ఏ పనీ నన్ను అడిగి చేయడం లేదుగా.

ఒంటికాలి మీద లేచాను. "డాక్టరుగారూ, ఇక్కడ సీనియర్ అనేవాడు ఒకడున్నాడని తమరికి జ్ఞాపకం ఉందా?"

"ఉందండీ" అంది. "ఆయన సొరుగులో నా కాగితం కూడా ఉంది."

అందరి ముందూ అంది. తొట్టెలు తుడిచే ఆమె బకెట్టు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ చేప జోలికి పోలేదు.

డిసెంబరు 17, బుధవారం

ఎనభై ఒకటి మేత తిన్నది. రొయ్య ముక్కలు నాలుగు. ఎంతైనా వారం రోజులు వేసిన మందు ఊరికే పోతుందా.

డిసెంబరు 18, గురువారం

ప్రదర్శన ఎల్లుండి. ఎనభై ఒకటి తేరుకుంది కదా అని ఎప్పటిలాగే పెద్ద తొట్టెలో వదిలాను. ఏటా నీలి చేపను పసుపు చారల చేప పక్కనే ఉంచుతాను, ఒకదాని ఊసు ఒకటి ఎత్తవు.

రెండు నిమిషాలు కాలేదు. పసుపుది రాయి చాటు నుంచి దూసుకొచ్చి గుద్దింది. అలా ఇలా కాదు, అద్దం దగ్గర నిలబడ్డ నాకు చప్పుడు వినిపించింది. నీలిది ఒక మూలకు పారిపోతే అక్కడికి పోయి కొట్టింది. రెక్క చీలింది. నేను భుజం దాకా చెయ్యి దింపి వల తిప్పుతున్నాను, చిక్కదే! తల ప్రాణం తోకకొచ్చింది. ఎవరు చెప్పారో, చిట్టి ఇంకో వలతో పరుగెత్తుకొచ్చింది. "నువ్వు అటు నుంచి తోలు" అంది. తోలాను. పట్టేసింది.

బకెట్టులో వేసి ఇద్దరం వంగి చూశాం. నీళ్లు నిలకడపడ్డాయి. ముందువైపు ఇంకా వలయాలు. వెనకవైపు, నడుం నుంచి తోక దాకా, పసుపు చారలు. వంకర మరకలు కావు, తిన్నగా గీసిన చారలు. కంటి మీద నల్లపట్టీ. పెద్ద తొట్టెలోని చేప కంటి మీదా అదే పట్టీ. అది కొత్తగా వచ్చింది కాదు. మొదటి నుంచీ ఉంది. నేను అద్దాలు తుడుస్తూ రోజూ చూసిందే.

"చిన్నగా ఉన్నన్నాళ్లూ దాని గీతలు వేరు కాబట్టి పెద్దది పట్టించుకోదు" అంది చిట్టి, బకెట్టులోకే చూస్తూ. "తనలాంటిదే అని తెలిసిందా, ఇక ఊరుకోదు. రెండు పెద్దవి ఒక తొట్టెలో ఇమడవు. దేని చోటు దానికుండాలి."

తలుపు దాకా వెళ్లి ఇంకా ఏదో అంది. నేను చేతులు తుడుచుకుంటున్నాను, సరిగ్గా వినలేదు. "నేనేం పారిపోవట్లేదు నాన్నా" అన్నట్టుంది. సరిగ్గా వినలేదు.

డిసెంబరు 19, శుక్రవారం

పొద్దున్నే ఎవరూ రాకముందు వెళ్లి దాని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఎదుగుతున్నదానికి వారం రోజులు మందు పోశాను. ఇంకో మూడు రోజులు పోస్తే చచ్చి ఊరుకునేది. నేను దాని ఒంటి మీద పుట్టిన రంగును రోగమన్నాను. చాలా సిగ్గేసింది. ఈ మాట రాయడానికి కూడా రెండుసార్లు పెన్ను మూత పెట్టి తీశాను.

బొంగరానికి చెప్పాను, నూరు కాదు తొంభై తొమ్మిదేనని. కుర్చీలో కూలబడ్డాడు. "బ్యానరు కట్టేశాం కదండీ! నూరో తొంభై తొమ్మిదో ఎవరు లెక్కపెడతారు? వచ్చేవాళ్లంతా తెల్లారి లేచి మన చేపల్ని ఎంచుకుంటూ కూర్చుంటారా?"

"తప్పని తెలిశాక ఆ బోర్డు నా చేత్తో ఎలా తగిలించను?"

"పోనీ ఇంకో రకం ఏదైనా, బజారులో ఏదో ఒకటి..."

"తొంభై తొమ్మిది తక్కువేం కాదండీ" అన్నాను. నా నోటి వెంట ఆ మాట వస్తుందని నేనే అనుకోలేదు.

బ్యానరతను నిచ్చెన వేసుకుని ఒకటీ రెండు సున్నాల మీద తెల్లరంగు కొట్టి రెండు తొమ్మిదులు రాశాడు. "సున్నాలే బాగున్నాయి సార్" అన్నాడు, నిచ్చెన దిగుతూ, నన్నేదో ఓదారుస్తున్నట్టు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడతో అన్నాను: "చిట్టితో చెప్పు, చేప సంగతి తను చెప్పిందే నిజమని."

"ఎదురుగానే ఉంది. మీరే చెప్పండి."

నీళ్లు తాగాను. ఉప్పు అడిగాను. చిట్టి ఉప్పు అందించింది. అంతే.

డిసెంబరు 20, శనివారం

జనమే జనం! తలుపులు తీసిన గంటకే అద్దాల నిండా వేలిముద్రలు. బంతి చేప ముందు ముగ్గురు ముసలమ్మలు బుగ్గలు ఉబ్బించి దానికేసి చూస్తూ నవ్వుకున్నారు. ఉమ్మే చేప ఒక పెద్దమనిషి కళ్లజోడు మీద ఉమ్మింది, ఆయన తుడుచుకుని, "మళ్లీ, మళ్లీ!" అని వంగాడు. గుహ చేప దగ్గర ఒకావిడ కళ్లు మూసుకుని నాలుగడుగులు నడిచి చూసింది. స్తంభానికి గుద్దుకుంది.

నీలి చేపవి మూడు తొట్టెలు పక్కపక్కన పెట్టించాను. ఈ ఏడాది అద్దెకు వచ్చిన వేలెడంతది, మధ్యలో మా సగం సగం రంగుది, చివర పసుపు చారలది. మూడింటికీ కలిపి ఒకే బోర్డు.

బోర్డులు చదవని మనుషులు ఉండనే ఉంటారు. ఒకామె మధ్య తొట్టె ముందు ఆగి, "అయ్యో, దీనికేదో జబ్బు చేసినట్టుందండీ, ఒళ్లంతా మరకలు" అంది.

"జబ్బు కాదమ్మా. ఎదుగుతోంది" అన్నాను.

ఫిల్టరు చూడాలని వెనకగదిలోకి వెళ్లి కాసేపు కూర్చున్నాను. కళ్లల్లో ఉప్పునీళ్లు పడ్డాయి. తొట్టె నీళ్లే.

డిసెంబరు 22, సోమవారం

కాళ్లు వాచిపోయాయి. రాయడానికి ఓపిక లేదు.

డిసెంబరు 26, శుక్రవారం

బంతి చేప మూడు రోజుల నుంచి తినడం లేదు. చిట్టి నోరు చూసి, "పళ్లు పెరిగిపోయాయి, నోరు తెరుచుకోవట్లేదు. కత్తిరించాలి" అంది. చేప పళ్లు కత్తిరించడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. "తడిగుడ్డతో పట్టుకుంటావా నాన్నా?" అని అడిగింది. పట్టుకున్నాను.

మత్తుమందు కలిపిన బేసిన్‌లో వేసి, అది సోలగానే తీసి నా చేతిలో పెట్టింది. చిన్న కత్తెరతో టిక్, టిక్. నాలుగు ముక్కలు రాలాయి. మొప్పల మీద నీళ్లు పోస్తూ నేను ఊపిరి బిగబట్టాను, తను మాత్రం గోళ్లు తీసుకుంటున్నంత నింపాదిగా ఉంది. రెండు నిమిషాల్లో చేప మళ్లీ నీళ్లలో.

పదేళ్ల కిందట ఇలాంటిదే ఒకటి తిండి మానేసి రెండు వారాలకు పోయింది. వయసైపోయిందని రిజిస్టరులో రాశాను. వయసు కాదు. పళ్లు.

చేతులు కడుక్కుంటుంటే అడిగాను. "అక్కడ చేపలు ఎన్ని ఉంటాయేంటి?"

"రెండు వేల పైన. డాక్టర్లు ఇద్దరే."

"ముందు నాతో ఒక్క మాట చెప్పాల్సింది."

"చెబితే ఏమనేవాడివి?"

"వద్దనేవాడిని."

"అందుకే చెప్పలేదు."

"చెప్పకపోతే బాధపడనా మరి?"

"చెప్తే నేను వెళ్లలేను నాన్నా. నువ్వు వద్దంటే నేను వెళ్లలేను, నీకు తెలుసుగా."

బేసిన్ పక్క తొట్టెలో బంతి చేపకు మెలకువ వచ్చింది. మమ్మల్నిద్దర్నీ చూసి బుస్సున ఉబ్బింది. చిట్టి నవ్వింది. నేనూ నవ్వాను. పాతిక రోజులయింది ఇద్దరం కలిసి నవ్వి.

డిసెంబరు 29, సోమవారం

మా ఆవిడ బట్టలు మడతపెడుతూ మాట్లాడింది. తను నా మొహం చూడకుండా మాట్లాడిందంటే తేలికైన విషయం కాదు.

"ఎల్లుండే ముప్పై ఒకటి."

"తెలుసు."

"కలుగుతుందని రాసేసి ఆపేయొచ్చు మీరు. అది ఎదురు చెప్పదు, ఉండిపోతుంది. రోజూ మీ ఎదురుగా కూర్చుని భోంచేస్తుంది. ఉప్పడిగితే అందిస్తుంది. మీకు అలా కావాలా, చెప్పండి."

"నువ్వు ఉండగలవా, అది వెళ్లిపోతే?" అన్నాను.

"లేను" అంది. దుప్పటి అంచులు కలిపి నా చేతికి రెండు కొసలు ఇచ్చింది. "అటు లాగండి."

ఇద్దరం దుప్పటి మడతపెట్టాం.

డిసెంబరు 30, మంగళవారం

నింపాను. సొరుగులోంచి తీసి, నిలబడే రాసేశాను, కూర్చుంటే మళ్లీ లేవనని. ఉన్నది ఉన్నట్టు రాశాను: "కలుగుతుంది. చాలా కలుగుతుంది. అయినా పంపించండి."

గంటలో బొంగరం కాగితం ఊపుకుంటూ వచ్చాడు. "ఇదేంటండీ! గడిలో కలుగుతుంది, కలగదు, రెండిట్లో ఒకటే రాయాలి. కలుగుతుంది అని కనబడితే చాలు, పై ఆఫీసు తిప్పి కొట్టేస్తుంది. కింద మీరు ఎంత కవిత్వం రాసినా ఎవరూ చదవరు."

"నిజం అదే కదండీ."

"నిజానికి గడి లేదండీ ఇందులో" అన్నాడు. కొత్త కాగితం ఇచ్చి, ఈసారి తిరక్కుండా ఒకచోట నిలబడి, "రేపు సాయంత్రం లోపల" అన్నాడు మెల్లగా.

డిసెంబరు 31, బుధవారం

పొద్దున అన్ని తొట్టెలకూ మేత వేశాను. ఒక్కో అద్దం ముందూ ఆగాను. తర్వాత వెనకగదిలో పని బల్ల తుడిచి, కాగితం పరిచి, నల్లసిరా పెన్నుతో రాశాను.

కలగదు.

సంతకం చేశాను. తేదీ వేశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో తెలిసి తెలిసి అబద్ధం రాసి కింద సంతకం పెట్టడం నాకిదే మొదలు.

తలెత్తేసరికి చిట్టి గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. దగ్గరికి వచ్చి కాగితం తన వైపు తిప్పుకుని చదివింది. ఒక్క మాటే కదా, అయినా చాలాసేపు చదివింది.

"సంతకం వంకరపోయింది నాన్నా."

"బల్ల ఊగుతోంది" అన్నాను.

తను రెండు చేతులూ బల్ల మీద ఆనించి గట్టిగా నొక్కి చూసింది. ఇనుప బల్ల, నేలకు బోల్టులు వేసి బిగించింది.

"అవును నాన్నా" అంది. "ఊగుతోంది."